టర్బో కారుకు క్లచ్, ఫ్లైవీల్ అప్‌గ్రేడ్: ఆక్టేవియా ఆర్‌ఎస్ మీద మొదటి నుంచి చివరిదాకా

ఫోర్త్ గేర్‌లో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. టర్బో అందుకుంది. టాకోమీటర్ ముల్లు 3,000 దాటగానే ఒక్కసారి 4,000కు ఎగిరింది. స్పీడోమీటర్ ముల్లు మాత్రం నింపాదిగానే కదిలింది. కాసేపటికి ఏసీ వెంట్లలోంచి బ్రేకు లైనర్లు కాలినట్టు వాసన వచ్చింది. ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి అప్పటికి రెండు వారాలే అయింది. ఇంజిన్ కొత్త బలం ఇస్తోంది, పాత క్లచ్ దాన్ని చక్రాలదాకా చేర్చలేకపోతోంది.

ఆ కారు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, మన దగ్గర అమ్మిన మొదటి తరం 1.8 టర్బో. 1781 సీసీ, సిలిండర్‌కు ఐదేసి చొప్పున 20 వాల్వులు, ఫ్యాక్టరీ నుంచి 150 పీఎస్, 210 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఐరోపాలో అదే పేరుతో అమ్మిన కారుకు 180 పీఎస్ ఇచ్చారు. మామూలు రీమ్యాప్‌తో మన కారు టార్క్ 280 నుంచి 300 దాకా వెళ్తుంది. గేర్‌బాక్స్ ఐదు గేర్ల 02జె. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ నాలుగో తరం నడిపేవాళ్లకూ ఇదే గేర్‌బాక్స్ కుటుంబం. మీది వేరే టర్బో కారైతే కొలతలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనిలో కష్టమంతా గేర్‌బాక్స్ దించి ఎక్కించడంలోనే ఉంది. అందుకే ఏం కావాలో దించకముందే తేల్చుకోవాలి. దించాక లోపల అనుమానం ఉన్న ఏ వస్తువునూ అలాగే వదిలేయకూడదు. నా కారుకు ఇదే పని రెండుసార్లు చేయించాల్సి వచ్చింది. ఎందుకో కిందకొచ్చాక చెబుతాను.

జారుతోందని ముందు నిర్ధారించుకోండి

ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు చూసుకోండి, కొంచెం ఎత్తు ఎక్కేదైతే ఇంకా మంచిది. వేగ పరిమితి దాటకుండా ఫోర్త్ గేర్‌లో 1,800–2,000 ఆర్‌పీఎం దగ్గర స్థిరంగా నడిపి పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. ఆర్‌పీఎం, వేగం రెండూ కలిసి పెరగాలి. ఆర్‌పీఎం ముందుకు దూకి వేగం వెనకబడితే క్లచ్ జారుతున్నట్టే. ఫస్ట్, సెకండ్ గేర్లలో ఇది తెలియదు. అక్కడ కారు చకచకా వేగం అందుకుంటుంది కాబట్టి పూర్తి బూస్ట్ (టర్బో పీడనం) ఎక్కువసేపు నిలవదు, పైగా ముందు టైర్లు తిరిగిపోయి మనల్ని తికమక పెడతాయి. పెద్ద గేర్లలో పూర్తి టార్క్ చాలాసేపు క్లచ్ మీదే ఉంటుంది, అందుకే జబ్బు అక్కడ ముందు బయటపడుతుంది.

ఈ పరీక్ష ఒకటి రెండుసార్లు చాలు. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, ఇంజిన్ ఆగిపోతుందో లేదో చూసే పద్ధతి వద్దు. 300 న్యూటన్ మీటర్ల దగ్గర క్లచ్ 500 ఆర్‌పీఎం తేడాతో జారితే పుట్టే వేడి దాదాపు 16 కిలోవాట్లు. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు ఏడెనిమిది ఒకేసారి ఆన్ చేస్తే వచ్చేంత వేడి అంతా ఆ పల్చటి ప్లేట్ మీద పడుతుంది.

ఇంకో సంగతి. గేర్లు గట్టిగా పడుతున్నాయి, రివర్స్ వేస్తే గరగరమంటోంది అంటే అది జారడం కాదు, క్లచ్ పూర్తిగా విడవకపోవడం. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండరో, గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండరో, వాటి నూనె లైన్లో గాలో కారణం కావచ్చు. దానికి పెద్ద క్లచ్ వేస్తే పెడల్ బరువెక్కుతుంది తప్ప జబ్బు పోదు.

ఎంత క్లచ్ కావాలి

"400 హార్స్‌పవర్ క్లచ్" అన్న మాటను పక్కన పెట్టండి. క్లచ్ మోసేది టార్క్‌ని. లెక్క తేలికే: ప్రెజర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ను ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కు, అదిమే భాగం) నొక్కే బలాన్ని రాపిడి గుణకంతోనూ, ప్లేట్ సగటు వ్యాసార్థంతోనూ, రాపిడి ముఖాల సంఖ్యతోనూ గుణించాలి. ఉదాహరణకు 228 మి.మీ. ప్లేట్, సగటు వ్యాసార్థం 9.5 సెం.మీ., నొక్కే బలం 6,000 న్యూటన్లు, గుణకం 0.3, ముఖాలు రెండు అనుకోండి. మొత్తం 342 న్యూటన్ మీటర్లు. అదే ప్లేట్ వేడెక్కి గుణకం 0.22కు పడితే 251 మాత్రమే. పొద్దున ఖాళీ రోడ్డు మీద బాగానే పట్టిన క్లచ్ సాయంత్రం ట్రాఫిక్‌లో గంట నలిగాక ఎందుకు జారుతుందో ఈ రెండు అంకెలు చూస్తే అర్థమవుతుంది.

పట్టు పెంచే దారులు కూడా ఈ లెక్కలోనే ఉన్నాయి. నొక్కే బలం పెంచితే పెడల్ బరువెక్కుతుంది. ఆ భారం రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ప్రెజర్ ప్లేట్‌ను విడిపించేది) మీదా, హైడ్రాలిక్ సిలిండర్ల మీదా, పెడల్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) ముందుకూ వెనక్కూ కదలకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీదా పడుతుంది. రాపిడి గుణకం పెంచితే కారు కదిలేటప్పుడు వణుకు వస్తుంది. వ్యాసార్థం పెంచడమే అన్నిటికన్నా మంచిది, కానీ బెల్ హౌసింగ్‌లో (గేర్‌బాక్స్ ముందు క్లచ్ ఉండే గూడులో) పట్టేంతవరకే.

ప్లేట్ మెటీరియల్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రోజూ నడిపే కారుకు మంచి ఆర్గానిక్ ప్లేట్, గట్టి ప్రెజర్ ప్లేట్ చాలు. కెవ్లార్ మెత్తగా పడుతుంది, చాలాకాలం మన్నుతుంది, కానీ దాన్ని సెట్ చేయడానికి చాలా ఓపిక కావాలి. ఒక్కసారి మితిమీరి కాలితే మెరుపెక్కి పట్టు తగ్గిపోతుంది. నాలుగు, ఆరు ముక్కల సింటర్డ్ (లోహపు పొడిని కాల్చి చేసిన) ప్లేట్లు ట్రాక్ కోసం చేసినవి. వాటికి హాఫ్ క్లచ్ అనేదే ఉండదు, వదిలితే పట్టేస్తాయి. సిగ్నల్ దగ్గర అంగుళం అంగుళం జరిగే మన ట్రాఫిక్‌లో కాలికీ, గేర్‌బాక్స్‌కీ, పక్కన కూర్చున్నవాళ్లకీ నరకమే.

మీ టార్క్ మీద 20 శాతం మిగులు చూసుకోండి. 300 న్యూటన్ మీటర్లకు 360 మోసే కిట్. "రేపు పెద్ద టర్బో వేస్తానేమో" అని 600 మోసే కిట్ కొన్న స్నేహితులు నాకున్నారు. పెద్ద టర్బో రాలేదు, మోకాలి నొప్పి మాత్రం వచ్చింది.

ఫ్లైవీల్: రెండు ముక్కలదా, ఒక ముక్కదా

ఫ్యాక్టరీ నుంచి వచ్చేది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. దానిలో రెండు చక్రాలు, మధ్యలో గ్రీజులో మునిగిన వంపు స్ప్రింగులు ఉంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ప్రతి చుట్టుకూ రెండుసార్లు పేలుతుంది. 800 ఆర్‌పీఎం ఐడిల్‌లో సెకనుకు దాదాపు 27 కుదుపులు. అవి గేర్‌బాక్స్‌కు చేరకుండా ఈ స్ప్రింగులు మింగేస్తాయి. టార్క్ బాగా పెంచితే స్ప్రింగులు చివరిదాకా నొక్కుకుపోయి త్వరగా అరుగుతాయి. అరిగిన డ్యూయల్ మాస్‌ను బాగుచేయడం ఉండదు, మార్చాల్సిందే.

ఒక ముక్క ఫ్లైవీల్‌లో అరిగే స్ప్రింగులుండవు, అవసరమైతే లేత్ మీద ముఖం శుభ్రం చేయించుకోవచ్చు. ఫోక్స్‌వ్యాగన్ అభిమానులు 02జె గేర్‌బాక్స్‌కు ఎప్పటినుంచో వాడుతున్న జోడీ ఒకటుంది: పాత గోల్ఫ్, కొరాడో జీ60 కొలతల స్టీల్ ఫ్లైవీల్, దాని మీద ఆరు సిలిండర్ల వీఆర్6 ఇంజిన్‌కు వచ్చిన 228 మి.మీ. క్లచ్. నా కారులో ఉన్నదీ అదే, ప్రెజర్ ప్లేట్ మాత్రం స్పోర్ట్ రకం. దీని ధర చప్పుడు రూపంలో చెల్లించాలి. న్యూట్రల్‌లో ఐడిల్‌లో ఉన్నప్పుడు గేర్‌బాక్స్‌లోంచి డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు శబ్దం వస్తుంది. క్లచ్ తొక్కితే ఆగిపోతుంది. అది రోగం కాదు, కుదుపులు మింగేవాళ్లు లేక గేర్ల పళ్లు ఒకదానికొకటి తగలడం. ఇంట్లో అందరూ నడిపే కారై, నిశ్శబ్దం ముఖ్యమైతే, కొత్త డ్యూయల్ మాస్ మీదే బలమైన క్లచ్ వేయించుకోండి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. డ్యూయల్ మాస్‌తో వచ్చే క్లచ్ ప్లేట్లలో చాలావాటికి మధ్యలో స్ప్రింగులు ఉండవు, ఆ పని ఫ్లైవీల్ చేస్తుంది కాబట్టి. ఆ ప్లేట్‌ను ఒక ముక్క ఫ్లైవీల్ మీద వేస్తే కుదుపులన్నీ నేరుగా గేర్ల మీద పడతాయి. ఒక ముక్క ఫ్లైవీల్‌కు స్ప్రింగుల హబ్ ఉన్న ప్లేటే కావాలి.

బరువు తగ్గించడం గురించి కూడా లెక్క చూద్దాం. ఫ్లైవీల్ జడత్వం 0.05 కిలో చదరపు మీటర్లు తగ్గిందనుకోండి. ఫస్ట్ గేర్‌లో మొత్తం నిష్పత్తి 13 దగ్గర ఉంటే, అది కారు బరువులోంచి 88 కిలోలు తీసేసినట్టు. ఐదో గేర్‌లో నిష్పత్తి 3.3 అయితే ఆ లాభం 6 కిలోలే. తేలిక ఫ్లైవీల్ చిన్న గేర్లలో, గేర్ దించేటప్పుడు రేజ్ ఇచ్చినప్పుడు సరదాగా ఉంటుంది, హైవే మీద ఓవర్‌టేక్‌కు పెద్దగా ఒరిగేదేమీ లేదు. మరీ తేలికైతే ట్రాఫిక్‌లో కదిలేటప్పుడు ఇంజిన్ ఊరికే ఆగిపోతుంది. మధ్యరకం స్టీల్‌దే రోజువారీకి సరైనది.

పాత పోత ఇనుము ఫ్లైవీల్‌ను లేత్ మీద చెక్కించి తేలిక చేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. 27 సెం.మీ. ఫ్లైవీల్ 6,500 ఆర్‌పీఎం దగ్గర అంచు వేగం గంటకు 330 కిలోమీటర్లు. అది పగిలితే ముక్కలు బెల్ హౌసింగ్‌ను చీల్చుకుని వస్తాయి, దాని వెనకే మీ కాళ్లుంటాయి. స్టీల్ బిల్లెట్‌తో చేసి, పరీక్షించిన ఫ్లైవీలే కొనండి.

ముందే చేతిలో ఉండాల్సినవి

ఫ్లైవీల్, ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, అలైన్‌మెంట్ టూల్ కిట్‌లో వస్తాయి. వీటితో పాటు కొత్త ఫ్లైవీల్ బోల్టులు, కొత్త ప్రెజర్ ప్లేట్ బోల్టులు, క్రాంక్ వెనక ఆయిల్ సీల్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి బలం అందుకునే ఇరుసు) సీల్, రిలీజ్ బేరింగ్ జారే గైడ్ స్లీవ్, రిలీజ్ ఆర్మ్, అది ఆనే బంతి, స్ప్రింగు క్లిప్ తెప్పించుకోండి. బోల్టుల పొడవు విషయంలో జాగ్రత్త. డ్యూయల్ మాస్ బోల్టులు, ఒక ముక్క ఫ్లైవీల్ బోల్టులు ఒకే పొడవు కావు. పొడవు ఎక్కువైతే బోల్టు అడుగుకు తగిలి బిగిసినట్టే ఉంటుంది, ఫ్లైవీల్ మాత్రం వదులుగానే ఉంటుంది.

గేర్ ఆయిల్ 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం, సుమారు రెండు లీటర్లు. డాట్ 4 బ్రేక్ ఆయిల్ ఒక కొత్త సీసా. బ్రేక్ క్లీనర్ రెండు డబ్బాలు. పనిముట్లలో టార్క్ పానా, కోణం కొలిచే గేజ్, పన్నెండు మూలల స్ప్లైన్ బిట్లు, ఇంజిన్‌ను పైనుంచి వేలాడదీసే సపోర్ట్ బార్, గేర్‌బాక్స్ జాకీ తప్పనిసరి. పార్టు నంబర్లు ఛాసిస్ నంబరు ఇచ్చి చూపించుకోండి. ఒకే పేరున్న కార్లలోనూ ఇంజిన్ కోడ్‌ను బట్టి మారతాయి.

గేర్‌బాక్స్ దించడం

లిఫ్ట్ ఉంటే ఇద్దరికి ఒక రోజు పని. ఇంటి దగ్గర స్టాండ్ల మీదైతే శని, ఆదివారాలు రెండూ పెట్టుకోండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకి ఎట్టి పరిస్థితిలోనూ దూరకండి.

స్టీరియో కోడ్ ఉంటే ముందే రాసిపెట్టుకుని బ్యాటరీ మైనస్, తర్వాత ప్లస్ తీయండి. బ్యాటరీ, దాని ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా బయటకొస్తే గేర్‌బాక్స్ పైభాగం కనబడుతుంది. గేర్ కేబుళ్లు తీసేముందు ఫోటో తీసుకోండి. స్లేవ్ సిలిండర్ ఈ గేర్‌బాక్స్‌కు బయటే ఉంటుంది. రెండు బోల్టులు విప్పి పైపు ఊడదీయకుండానే పక్కకు కట్టేయండి. ఇక అక్కడి నుంచి ఎవరూ క్లచ్ పెడల్ తొక్కకూడదు, తొక్కితే పిస్టన్ బయటకు వచ్చేస్తుంది. మేం పెడల్‌కు ఎర్ర గుడ్డ కడతాం. స్టార్టర్ మోటారు, రివర్స్ లైట్ స్విచ్, స్పీడ్ సెన్సర్ కనెక్టర్లు, ఎర్త్ వైరు విప్పండి.

కిందకు వెళ్లాక డ్రైవ్ షాఫ్టులు, అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు బలం చేర్చే ఇరుసులు. లోపలి ఫ్లాంజ్‌కు ఉన్న పన్నెండు మూలల బోల్టుల తలల్లో ఏళ్ల తరబడి మట్టి, గ్రీజు గట్టిపడి ఉంటాయి. తొందరపడి బిట్ పెట్టి తిప్పితే తల గుండ్రమైపోతుంది, అప్పుడు ఒక్క బోల్టుకే మధ్యాహ్నం గడిచిపోతుంది. సన్న మేకుతో ఒక్కో తలలోంచి మట్టి గీకండి, క్లీనర్ కొట్టండి, బిట్‌ను సుత్తితో రెండు దెబ్బలు వేసి అడుగుదాకా కూర్చోబెట్టండి, అప్పుడు తిప్పండి. షాఫ్టులు విడిచాక సీవీ జాయింట్లకు (వాటి చివరల్లో వంగే కీళ్లకు) ప్లాస్టిక్ సంచులు చుట్టి, తీగతో పైకి కట్టండి. వాటిని వేలాడనివ్వకూడదు. ఫ్లాంజ్ వెనక రేకు కవర్లూ, బ్రాకెట్లూ అడ్డొస్తే విప్పేయండి.

ఇంజిన్ బరువును సపోర్ట్ బార్ మీదకు తెచ్చాకే గేర్‌బాక్స్ మౌంట్లు (దాన్ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు ఆధారాలు) తీయండి. ఆయిల్ సంప్ అల్యూమినియంది, దాని కింద జాకీ పెట్టి ఎత్తడం పగలగొట్టుకోవడమే. బెల్ హౌసింగ్ బోల్టులు వేర్వేరు పొడవుల్లో ఉంటాయి. అట్టముక్క మీద గేర్‌బాక్స్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చుకోండి.

చివరి బోల్టు తీసేముందు జాకీ కింద సరిగ్గా ఆనిందో లేదో చూసుకోండి. ఈ గేర్‌బాక్స్ దాదాపు 40 కిలోలు. ముందు తిన్నగా వెనక్కి లాగాలి, ఇన్‌పుట్ షాఫ్ట్ ప్లేట్‌లోంచి పూర్తిగా వచ్చేదాకా వంచకూడదు, ఆ తర్వాతే వాల్చి దించాలి. బరువు షాఫ్ట్ మీద వేలాడితే షాఫ్టూ, క్లచ్ హబ్బూ దెబ్బతింటాయి. ఈ మాట ఎక్కించేటప్పుడు ఇంకా ముఖ్యం.

లోపల ఏం చూడాలి

గేర్‌బాక్స్ దిగాక ఆత్రంగా కొత్త సామాను బిగించేయకండి. ఒక అరగంట కూర్చుని చూడండి. దుమ్మును గాలితో ఊదకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోయేది కాదు. క్లీనర్‌తో తడిపి తుడవండి.

పాత ప్లేట్ చాలా చెబుతుంది. ముఖం మీద నీలం మచ్చలు, సన్న పగుళ్లు ఉంటే వేడి. ప్లేట్ తడిగా ఉంటే వేలితో అద్ది వాసన చూడండి. ఇంజిన్ ఆయిల్ అయితే క్రాంక్ వెనక సీల్ కారుతోంది. గంధకం కలిసిన ఘాటు వాసన వస్తే అది గేర్ ఆయిల్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ పోయింది. ఈ రెండు సీళ్లూ కారకపోయినా మార్చేయండి. వెనక సీల్ పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) రకమైతే దాని పెదవికి నూనె పూయకూడదు, పొడిగానే ఎక్కించాలి.

డయల్ గేజ్ పెట్టి క్రాంక్ ముందుకూ వెనక్కూ ఎంత కదులుతోందో కొలవండి. 0.3 మి.మీ. దగ్గరికొస్తే థ్రస్ట్ బేరింగ్ అరిగిపోయినట్టు. అలాంటి ఇంజిన్‌కు బరువైన ప్రెజర్ ప్లేట్ వేయడం మంచిది కాదు, ముందు ఆ సంగతి చూడాలి. రిలీజ్ ఆర్మ్‌ను చేతిలోకి తీసుకుని బంతి ఆనే గుంటను వెలుతురులో చూడండి. రేకు పల్చబడినా, సన్న పగులు కనబడినా పారేయండి.

నా మొదటి అనుభవం ఇక్కడే చెప్పాలి. మొదటిసారి పని చేసిన వర్క్‌షాప్‌లో క్లచ్ కిట్ వరకే కొత్తది వేసి మిగతావన్నీ పాతవే పెట్టారు. ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్లకు (దాని మీది గాడి పళ్లకు) గ్రీజు మాత్రం ధారాళంగా పూశారు. మూడు వారాల్లో ఫస్ట్ గేర్‌లో కదిలిన ప్రతిసారీ కారు గజగజ వణకడం మొదలైంది. మళ్లీ దించి చూస్తే, హబ్ దగ్గర నుంచి అంచుదాకా గ్రీజు విసనకర్ర ఆకారంలో చిమ్మి, లైనింగ్ మీద నల్లటి చారలుగా ఎండిపోయి ఉంది. సరికొత్త ప్లేట్ చెత్తబుట్టలోకి పోయింది. రెండోసారి ప్రతిదీ దగ్గరుండి చేయించాను, ఈ వ్యాసం ఆ రెండోసారిదే.

ఫ్లైవీల్, క్లచ్ బిగించడం

క్రాంక్ ముఖాన్ని, బోల్టు మరలను శుభ్రం చేయండి. కొత్త ఫ్లైవీల్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, తెల్ల గుడ్డకు మరక అంటనంతవరకు బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. బోల్టు రంధ్రాలు ఒకే అమరికలో కలుస్తాయి. మెల్లగా తిప్పుతూ అన్నీ కలిసేదాకా చూడండి, బలవంతం చేయకండి.

ఫ్లైవీల్ బోల్టులు సాగే రకం, ఒకసారి వాడినవి మళ్లీ పనికిరావు. అన్నీ చేత్తో ఎక్కించి, పళ్ల చక్రానికి లాక్ టూల్ వేసి, ఎదురెదురుగా ఒక్కొక్కటీ ముందు 60 న్యూటన్ మీటర్లకు, ఆ తర్వాత ప్రతిదాన్నీ 90 డిగ్రీలు తిప్పండి. అయిపోయిన బోల్టు తల మీద పెయింటు గీత పెట్టుకుంటే ఏది మిగిలిందో తికమక ఉండదు. ఫ్లైవీల్ తయారీదారు వేరే అంకె ఇస్తే ఆ అంకె పాటించండి.

క్లచ్ ప్లేట్‌కు ముందూ వెనకా ఉంటాయి. స్ప్రింగులు ఉబ్బిన వైపు గేర్‌బాక్స్ దిక్కుకు రావాలి. జర్మన్ ప్లేట్ల మీద "గెట్రీబెసైటె" అని అచ్చు ఉంటుంది, దానర్థం గేర్‌బాక్స్ వైపు అనే. బిగించేముందు ప్లేట్‌ను ఇన్‌పుట్ షాఫ్ట్ మీద ఒకసారి జార్చి చూడండి, ఎక్కడా పట్టకుండా కదలాలి. స్ప్లైన్లకు ఎక్కువ వేడి తట్టుకునే గ్రీజు పల్చగా రాసి, ప్లేట్‌ను రెండుసార్లు అటూ ఇటూ జార్చి, అంచున పోగైనదంతా తుడిచేయండి. కంటికి తడి మెరుపు కనబడితే చాలు, గ్రీజు ముద్ద కనబడకూడదు. రిలీజ్ బేరింగ్ జారే స్లీవ్‌కు కిట్ కాగితంలో రాయమని ఉంటే తప్ప గ్రీజు రాయకండి.

అలైన్‌మెంట్ టూల్‌తో ప్లేట్‌ను మధ్యకు తెచ్చి ప్రెజర్ ప్లేట్ పెట్టండి. బోల్టులను ఎదురెదురుగా, సగం చుట్టు చొప్పున సమంగా దింపాలి. ఒక వైపు ముందే బిగిస్తే ప్రెజర్ ప్లేట్ వంగుతుంది, ఆ వంపు తర్వాత వణుకుగా బయటపడుతుంది. ఎం7 బోల్టులకు చివరి బిగింపు 20 న్యూటన్ మీటర్లు. టూల్ ఊడదీసి మళ్లీ పెట్టండి. ఆటంకం లేకుండా దిగితే మధ్యలోనే ఉన్నట్టు.

ఎక్కించడం

గేర్‌బాక్స్‌ను జాకీ మీద ఇంజిన్ వాలుకు సరిగ్గా సమంగా తెచ్చుకోండి. బెల్ హౌసింగ్‌కూ ఇంజిన్‌కూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి. షాఫ్ట్ స్ప్లైన్ల దగ్గర ఆగితే గేర్‌లో పెట్టి ఒకరు డ్రైవ్ ఫ్లాంజ్‌ను మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు ముందుకు నెట్టాలి. పళ్లు కలవగానే మెత్తగా జారుతుంది. బోల్టులతో లాగి కలపాలని చూడకండి. సందు మిగిలి ఉండగా బోల్టు బిగిస్తే అల్యూమినియం హౌసింగ్ చిట్లుతుంది. గైడ్ పిన్నులు రెండూ కూర్చుని ముఖాలు చేత్తోనే కలిశాకే బోల్టులు: ఎం12 వాటికి 80 న్యూటన్ మీటర్లు.

మిగతాదంతా దించినదానికి తిరగేసిన వరస. మౌంట్ బోల్టులు కొత్తవి వేయండి. డ్రైవ్ షాఫ్ట్ ఎం8 బోల్టులు 40 న్యూటన్ మీటర్లు. కొత్త గేర్ ఆయిల్ పోయడం మరవకండి, మరిచినవాళ్లను చూశాను.

క్లచ్ హైడ్రాలిక్స్ బ్రేక్ ఆయిల్ డబ్బాలోంచే నూనె తీసుకుంటాయి. ఆ గొట్టం డబ్బాలో పైన ఉంటుంది కాబట్టి బ్లీడింగ్ (లైన్లోంచి గాలి తీయడం) చేసేటప్పుడు మట్టం నిండుగా ఉంచండి, లేదంటే గాలి పీల్చుకుంటుంది. పాత నూనె నల్లగా వస్తుంది, తేటగా వచ్చేదాకా వదలండి. ఆఖర్న బ్రేక్ పెడల్ కూడా తొక్కి గట్టిగా ఉందో లేదో చూసుకున్నాకే కారు కదపండి.

మొదటి స్టార్ట్, తర్వాత 800 కిలోమీటర్లు

కారు ఇంకా స్టాండ్ల మీద ఉండగానే న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి వినండి. ఒక ముక్క ఫ్లైవీల్ అయితే గులకరాళ్ల చప్పుడు మామూలే. గీసుకుంటున్న ఇనుప శబ్దం, కారుతున్న నూనె కనిపిస్తే వెంటనే ఆపండి. క్లచ్ తొక్కి రెండు క్షణాలు ఆగి రివర్స్ వేయండి, గరగర లేకుండా పడాలి. పడకపోతే మళ్లీ బ్లీడ్ చేయండి, గేర్‌బాక్స్ దించే ఆలోచన అప్పుడే వద్దు. ఇక నుంచి రోజూ హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో, క్లచ్ తొక్కకుండానే స్టార్ట్ చేయడం అలవాటు చేసుకోండి. ఆయిల్ ప్రెజర్ రాకముందే బరువైన క్లచ్ తొక్కితే ఆ తోపుడంతా థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది.

ఆర్గానిక్ ప్లేట్‌కు 800 కిలోమీటర్లు సిటీలో నడపాలి, హైవే మీద కాదు. ప్లేట్, ఫ్లైవీల్ ఒకదానికొకటి సరిపడేది పట్టి వదిలేటప్పుడే. ఐదో గేర్‌లో విజయవాడ దాకా వెళ్లొస్తే కిలోమీటర్లు తిరుగుతాయి కానీ క్లచ్ పట్టి వదిలేది పాతికసార్లో యాభైసార్లో. ఈ కాలంలో పూర్తి బూస్ట్ వద్దు, ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం వద్దు, శ్రీశైలం ఘాట్ వద్దు. నా కారు మొదటి రెండు రోజులు కదిలేటప్పుడు సన్నగా వణికింది, లేత వాసన కూడా వచ్చింది. మూడో రోజుకు రెండూ పోయాయి. వారం దాటినా వణుకు పోకపోతే ముందు మౌంట్లు చూడండి, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.

800 కిలోమీటర్లు నిండిన ఆదివారం పొద్దున్నే అదే రోడ్డుకు వెళ్లాను. ఫోర్త్ గేర్, 2,000 ఆర్‌పీఎం, పూర్తి థ్రాటిల్. 3,000 దాటేటప్పుడు నా చూపంతా టాకోమీటర్ మీదే. ముల్లు ఎగరలేదు. రెండు ముళ్లూ కలిసి పైకి లేచాయి, సీటు వెన్నును నెట్టింది, వెంట్లలోంచి పొద్దుటి చల్లగాలి తప్ప ఏ వాసనా రాలేదు.